ఉత్తరం కింద చుక్క

నేను ఉన్నది ఉన్నట్టే చెబుతాను. కాకపోతే నాకు జరిగేవి మామూలుగా జరగవు, అంతే. ఇంకొకరికి కాలు బెణికితే నాలుగు రోజులు కుంటుతారు. నాకు బెణికినప్పుడు పాదం వెనక్కి తిరిగిపోయి, మూడు రోజులు బజారుకని బయల్దేరి వంటింట్లో తేలాను. నాలుగో రోజు దానంతట అదే ముందుకు తిరిగింది. అందుకు నేనేం చేయను?

ఆ గురువారం సాయంత్రం నాలుగున్నరకి మా ల్యాబు ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీ మీద ముగ్గురం కూలబడ్డాం. కూర్చోవడం అనను, కూలబడడమే. ఒక చివర సూది చెల్లి. పొద్దున ఆరింటి నుంచి వచ్చినవాళ్లందరి రక్తం తీసేది తనే. ఆ రోజు తొంభై మంది వచ్చారని తను అంటుంది, తొమ్మిది వందలకు తగ్గరని నేనంటాను. రెండో చివర బండి తమ్ముడు, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, గోడకి తల ఆనించి. మధ్యలో నేను. రిపోర్టుల కౌంటర్లో కూర్చుంటాను, ఫోన్లు ఎత్తుతాను. రిపోర్టు తెరిచి అందులో ఒక అంకె ఎర్రగా కనబడగానే గుండె జారిపోయి ఫోన్ చేస్తారు జనం. వాళ్లకి నేను చెప్పేది ఒకటే. ముందు మంచినీళ్లు తాగండి అని.

నాలుగు రోజులుగా మా అందరికీ ఒంట్లో ఎముకలు లేవు. కారణం ఒక్కటే. ఉత్తరాలు తెరుచుకోవడం లేదు.

వాటిని అందరూ మెయిల్ అంటారు, నేను ఉత్తరమే అంటాను. ఊరికి ఆ చివర ఉన్న పెద్దాసుపత్రి వాళ్ల పేషెంట్ల రక్తం మా దగ్గరికి వస్తుంది. పరీక్ష అవగానే మా వెబ్‌సైటే రిపోర్టు తయారుచేసి ఉత్తరం పంపుతుంది. విడిగా వచ్చే పేషెంట్లకి పంపే మామూలు ఉత్తరం లాంటిది కాదు. దారిలో ఎవరూ చదవకుండా దానికి తాళం, రాసింది మేమేనని తెలిసేలా పైన సీలు. సీలు చెక్కుచెదరకుండా ఉంటేనే ఆసుపత్రి వాళ్ల కంప్యూటరు లోపలికి రానిస్తుంది. కాస్త తేడా కనబడినా చించి పారేసి, 'దారిలో ఎవరో ముట్టుకున్నారు' అని ఒక్క ముక్క తిప్పి కొడుతుంది. సోమవారం నుంచి వెళ్లిన ప్రతి ఉత్తరానికీ అదే ముక్క.

దాంతో రిపోర్టులన్నీ కాగితాల మీద తీసి బండి తమ్ముడి చేతిలో పెడుతున్నారు. రోజుకి పది పన్నెండు సార్లు ఊరు ఈ చివరి నుంచి ఆ చివరికి. మా ల్యాబు లిఫ్టు ఎప్పుడో చచ్చింది కాబట్టి ప్రతిసారీ నాలుగంతస్తులు ఎక్కి దిగి.

ఆ వెబ్‌సైటు కట్టింది మా మేనకోడలు. మా అన్నయ్య కూతురు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. నాలుగు రోజులుగా అది కూడు తినడం లేదు, కంప్యూటర్ని తింటోంది. ఆ పొద్దున ల్యాబు డాక్టరుగారు దాన్ని పిలిచి నెమ్మదిగానే చెప్పారట. "ఇవాళ సాయంత్రం ఆరింటిలోపు వాళ్లకి ఒక్క ఉత్తరమైనా తెరుచుకోకపోతే వాళ్లు వేరే ల్యాబు చూసుకుంటామన్నారమ్మా. అలా జరగనివ్వలేను. రేపటి నుంచి ఈ పని బయటి కంపెనీ చూస్తుంది. నువ్విక రానక్కర్లేదు." అరిచి ఉంటే బాగుండేది. నెమ్మదిగా అన్నవాటికి తిరిగి జవాబు చెప్పడం కష్టం.

అదీ సంగతి. పైన అది, కింద మేము, మధ్యలో ఆరింటి గడువు.

ఎవరూ మాట్లాడడం లేదు. టీ కొట్టతను గ్లాసులు కడుగుతున్నాడు. అలాంటప్పుడు నా నోరు ఊరుకోదు. నాకు భయం వేస్తే మరీ ఊరుకోదు.

"ఇలాంటి తాళం ఉత్తరాలు నాకు కొత్తా?" అన్నాను. "పన్నెండేళ్ల కిందట ఇదే రోగం వస్తే నేను చిన్న సాయం చేశాను. పెద్దగా చెప్పుకునేదేం కాదులే."

"అయితే చెప్పుకోకండి పెద్దమ్మా," అన్నాడు బండి తమ్ముడు కళ్లు తెరవకుండా.

"అడుగుతున్నావు కాబట్టి చెబుతాను. అప్పుడు నేను ఓడల ఆఫీసులో టైపిస్టుని. ఓడ రేవులోకి రావాలంటే మా ఆఫీసు నుంచి ఉత్తరం వెళ్లాలి, సీలు వేసి, తాళం వేసి. తాళం అంటే ఏంటనుకుంటున్నారు? అవతలివాడు తన తాళంకప్ప మన దగ్గర పెడతాడు, చెవి మాత్రం తన జేబులోనే ఉంచుకుంటాడు. ఆ కప్ప మనం నొక్కేస్తే ఇక మనం కూడా తీయలేం. ఒకసారి మా ఆఫీసరు అలా నొక్కేశాక లోపల తన కళ్లజోడు మర్చిపోయానని ఏడ్చాడు."

"ఈమెయిల్లో కళ్లజోడా?" అంది సూది చెల్లి ఆవలిస్తూ.

"పెద్ద ఉత్తరమమ్మా అది. సరే, ఒక రోజు పొద్దున్నే సముద్రం మీంచి కబురు. ఉత్తరం తెరుచుకోవడం లేదు, దారిలో ఎవరో ముట్టుకున్నారు అని. ఓడ నడిసముద్రంలో ఆగిపోయింది. ఒక ఓడ ఆగితే దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి. మధ్యాహ్నానికి ఏడు ఓడలు. ఇక ఆఫీసులో చూడాలి, పదకొండు మంది ఇంజినీర్లు ఒకే కంప్యూటరు చుట్టూ చేరి, ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టి చూస్తున్నారు. అన్నిటికంటే కిందున్నవాడికి ఊపిరాడక తెలుగు మర్చిపోయాడు. నేను టైపు ఆపి లేచాను. జరగండి నాయనా అన్నాను. ముందు సీలు గడువు చూశారా అని అడిగాను. సీలుకి గడువుంటుందండోయ్, మందు సీసాకి ఉన్నట్టే. ఏడాదో రెండేళ్లో, అది దాటితే ఎంత బాగా కొట్టినా చెల్లదు. చూడాలంటే పాస్‌వర్డ్ కావాలి, అది ఇచ్చేవాడు సెలవులో ఉన్నాడు అన్నారు. పాస్‌వర్డ్ దేనికి? వంగి మిషను వెనక ముక్కు పెట్టి ఒక్కసారి పీల్చాను. పదకొండు నెలల నాలుగు రోజులు ఉంది, గడువు తప్పు కాదు అన్నాను. తర్వాత సెలవులో ఉన్నవాణ్ణి లాక్కొచ్చి చూపిస్తే ఎంతుందో తెలుసా?"

"పదకొండు నెలల నాలుగు రోజులు," అన్నారు ఇద్దరూ కలిసి. టీ కొట్టతను కూడా.

"మూడు రోజులు. వాడు వచ్చేసరికి ఒక రోజు గడిచిపోయింది కదా."

బండి తమ్ముడి మూతి ఒక పక్కకి కదిలింది. కళ్లు మాత్రం తెరవలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? సీలు బాగుంది, మరి లోపల ఉత్తరమే పాడైందేమో అన్నారు. తాళం వేసిన ఉత్తరం ఎలా ఉంటుందో చూశారా? పిల్లి కీబోర్డు మీద నడిచినట్టు అక్షరాలు, నలభై పేజీలు. నేను ముప్పై ఏళ్లు టైపు కొట్టినదాన్ని. డాక్టర్ల రాత చదివినదాన్ని. కుర్చీ లాక్కుని కూర్చుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా గబగబా చదివేశాను. పద్దెనిమిదో పేజీలో ఓడ బరువు రెండు సార్లు రాశారు, కొట్టేయండి అన్నాను."

"మామ్మగారూ," అన్నాడు టీ కొట్టతను గ్లాసు తుడుస్తూ, "తాళం తీయకుండా చదవగలిగితే ఇంక తాళం ఎందుకండీ?"

"నాలాంటివాళ్లు ఊరికొకరు కూడా ఉండరు కాబట్టి! నీ టీలో పంచదార తగ్గింది, ముందది చూడు."

అప్పుడే రోడ్డు దాటి మా మేనకోడలు వచ్చింది. టీ కోసం వచ్చానంది, కానీ నాకు తెలుసు, నలుగురు మనుషుల మధ్య ఐదు నిమిషాలు కూర్చుందామని వచ్చింది. జుట్టులో రెండు పెన్నులు. ఒకటి గుచ్చుకున్నది మర్చిపోయి ఇంకోటి గుచ్చుకుంది. కొట్టు గడియారంలో ఐదు కావడానికి ఐదు నిమిషాలుంది.

"ఏమైనా తెలిసిందా?" అంది సూది చెల్లి.

"లేదక్కా. సీలు గడువు చూశాను, ఇంకా ఎనిమిది నెలలుంది. వాళ్లిచ్చిన తాళం సరైనదే, మళ్లీ పంపించుకుని పోల్చి చూశాను. గడియారం చూశాను. నాకు నేను పంపుకుంటే చక్కగా తెరుచుకుంటోంది. ఇక్కడ ఎవరికి పంపినా తెరుచుకుంటోంది. గుమ్మం దాటి వాళ్ల దగ్గరికి వెళ్లేసరికి సీలు చెడిపోతోంది." గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది, టీ తాగడానికి కాకుండా వేడి కోసమన్నట్టు. "మళ్లీ మొదటి నుంచి చూడాలి. ఓపిక లేదు, అయినా చూడాలి."

"గడియారం చూశావు కదా?" అన్నాను నేను. "మంచి పని చేశావు. మా ఓడల ఆఫీసులో అదే జరిగింది."

"అత్తా, ఇప్పుడు కాదు."

"ఇప్పుడే. టీ తాగేలోపు అయిపోతుంది. మా మిషను గడియారం మూడు నిమిషాలు ముందుకి నడుస్తోంది. అంటే ఏంటి? ఇంకా రాని టైములో సంతకం పెట్టి పంపుతున్నాం. అవతలివాడు ఎలా నమ్ముతాడు? రేపటి తేదీ వేసి సెలవు చీటీ ఇస్తే మా హెడ్డు గుమాస్తా నమ్మేవాడా? సరే, గడియారం వెనక్కి తిప్పాను. బలంగా తిప్పానేమో, దాంతో పాటు ఆఫీసంతా మూడు నిమిషాలు వెనక్కెళ్లిపోయింది. అప్పుడే తాగి పెట్టిన టీ మళ్లీ గ్లాసులోకి వచ్చేసింది. అందరం రెండోసారి తాగాం. ఒకాయన అప్పుడే రాజీనామా చేసి వెళ్లిపోయాడు, మళ్లీ కుర్చీలో ప్రత్యక్షమయ్యాడు. ఆలోచించుకుని ఈసారి చేయలేదు."

మా మేనకోడలు నవ్వలేదు కానీ భుజాలు కాస్త దిగాయి. అదే నాక్కావలసింది.

"అప్పటికి ఎన్ని ఓడలు పెద్దమ్మా?" అన్నాడు బండి తమ్ముడు.

"నూట నలభై."

"ఇందాక ఏడన్నారు."

"ఇందాక మధ్యాహ్నం. ఇప్పుడు సాయంత్రమైంది కదా. నూట నలభై ఓడలు బారులు తీరి నిలబడితే వాటి నీడకి సముద్రం చల్లబడి చేపలకి జలుబు చేసింది. పడవలేసుకుని వెళ్లినవాళ్లు నీళ్ల కింద తుమ్ములు విన్నామన్నారు. ఇక లాభం లేదని నేను చెప్పులు విప్పాను."

"చెప్పులెందుకు?" అంది సూది చెల్లి. ఆవలింత ఆగిపోయింది.

"ఉత్తరం వెంట పరిగెత్తడానికి. పంపించండి, నేను దాని పక్కనే వెళతాను, ఎవడు ముట్టుకుంటాడో చూస్తాను అన్నాను. మీట నొక్కారు. ఉత్తరం బయల్దేరింది, నేనూ బయల్దేరాను. తీగలో చీకటిగా ఉంటుంది కానీ నేల నున్నగా ఉంటుంది, జారుతూ పోవచ్చు. ఒక ఊరు మిషను దగ్గర ఆగింది, నేనూ ఆగాను. ఎవరమ్మా నువ్వంటే ఉత్తరం తాలూకు అన్నాను. ఇంకో దేశం, ఇంకో మిషను. ఏడు సముద్రాల అడుగున పోయాను. ఒక్క సముద్రంలో కూడా దాన్ని ఎవడూ ముట్టుకోలేదు! ఓడ దాకా వెళ్లి చూస్తే సీలు అప్పటికే చెడిపోయి ఉంది. మళ్లీ వెనక్కొచ్చాను, మళ్లీ దాని వెంట పరిగెత్తాను. ఈసారి బయల్దేరిన చోట నుంచే కళ్లు తిప్పకుండా చూశాను. ఎక్కడ జరిగిందో తెలుసా? మా ఆఫీసు గుమ్మంలోనే. ఉత్తరాలన్నీ బయటికి పోయే ముందు ఒక మిషను లోంచి పోతాయి. దాని పక్కన స్టూలు మీద ఒక గడ్డపాయన. ప్రతి ఉత్తరం వెళ్లే ముందు దాని కింద పెన్నుతో ఒక చుక్క పెడుతున్నాడు."

"ఎందుకు?" అన్నాడు టీ కొట్టతను.

"చేతులు ఊరుకోక. ఖాళీగా ఉంది కదా అని. సీలు వేశాక చుక్క పెట్టినా ఒకటే, చింపినా ఒకటే అని వాడికేం తెలుసు? పెన్ను లాక్కున్నాను. నూట నలభై ఓడలూ ఒక్కసారి కూత వేశాయి. ఆ కూతకి మా ఆఫీసు గోడ సున్నం రాలి, లోపల పాత రంగు బయటపడింది. అదే బాగుందని ఇప్పటికీ అలాగే ఉంచారు."

బస్సు ఒకటి పోయింది. మా మేనకోడలు గ్లాసులోకి చూస్తూ ఉంది.

"నేనూ ముందు అదే అనుకున్నాను," అంది నెమ్మదిగా. "మనకీ ఉంది బయటికి పోయే మిషను. దాన్ని చూసే ఆయనకి సోమవారమే ఫోన్ చేసి అడిగాను. ఏమీ మార్చలేదమ్మా అన్నాడు. పోనీలే." గ్లాసు కింద పెట్టి లేవబోయింది.

ఆ ముఖం చూసి నాకు ఎలాగో అయింది. ఇంకొక్క నిమిషం కూర్చోబెడదామని నోటికొచ్చింది అందుకున్నాను.

"అయినా ఆ గడ్డపాయనకి అందం ఏం తెలుసే? ఉత్తరం కింద పెట్టేది చుక్కా? పెడితే నా మాటలాంటిది పెట్టాలి. ఇప్పుడు ఈ ల్యాబు నుంచి ఏ ఉత్తరం పోయినా కింద నా మాట ఉంటుంది, తెలుసా మీకు? డాక్టరుగారికి నేనే చెప్పి పెట్టించాను. 'కంగారు పడకండి. ముందు మంచినీళ్లు తాగండి. తర్వాత మీ డాక్టరుతో మాట్లాడండి.' ఆ మాట చదివి ఒకాయనకి అక్కడికక్కడే షుగరు దిగిపోయింది. ఇంకొకావిడకి రక్తం పట్టి, పట్టింది ఎక్కువై పక్కింటావిడకి ఇచ్చింది."

"అవునక్కా," అంది సూది చెల్లి, "మొన్న మా చెల్లెలికి మెయిల్లో రిపోర్టు వస్తే కింద ఉంది ఆ మాట. అది మీదా? బాగుంది."

మా మేనకోడలు లేచింది లేచినట్టే ఆగిపోయింది.

"అత్తా. ఆ మాట నేను ఎక్కడా రాయలేదు."

"నువ్వెందుకు రాస్తావే? నీకు పని ఎక్కువని డాక్టరుగారు నేరుగా ఆ మిషను ఆయనకే ఫోన్ చేసి పెట్టించారు. బయటికి పోయే ఉత్తరాలకి మాత్రమే. మనలో మనకి మంచినీళ్ల సంగతి ఎందుకని."

"ఎప్పటి నుంచి?"

నేను లెక్కపెట్టాను. ఆదివారం డాక్టరుగారింటికి వెళ్లాను. ఆయన అప్పుడే ఫోన్ తీశారు. అంటే...

నా బదులు బండి తమ్ముడు చెప్పాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి పూర్తిగా కళ్లు తెరిచాడు.

"సోమవారం పొద్దున్న నుంచి. అదే రోజు పదకొండింటికి నన్ను మొదటిసారి పంపారు." హెల్మెట్ బెంచీ మీద పెట్టాడు. "పెద్దమ్మా, ఏడు సముద్రాల అడుగున అనవసరంగా తిరిగారు. ఆ చుక్క పెట్టినాయనకి గడ్డం లేదు. తెల్లటి ముడి ఉంది. నా పక్కనే కూర్చుని నా టీ కూడా తాగుతోంది."

చూసుకుంటే నిజంగానే నా చేతిలో ఉన్నది వాడి గ్లాసు.

ఇంకొకరైతే అరిచేవారు. మా మేనకోడలు అరవలేదు. జుట్టులోంచి ఒక పెన్ను తీసి మళ్లీ గుచ్చుకుంది. "మార్చలేదన్నాడు," అంది తనలో తను. "మార్చలేదు మరి. చేర్చాడు. నేను చేర్చావా అని అడగలేదు." తర్వాత రోడ్డు దాటి పరిగెత్తింది.

నేనూ లేచాను. ఎందుకంటే ఆ మిషను ఆయన డాక్టరుగారు చెబితే తప్ప ఏదీ తీయడు. డాక్టరుగారికి ఆ మాటంటే ముచ్చట, ఊరికే తీయించరు. ఎవరు పెట్టించారో వాళ్లే వెళ్లి తీసేయండని చెప్పాలి.

మా ల్యాబు మెట్లు ఎనభై నాలుగు. ఇది మాత్రం లెక్కపెట్టి చెబుతున్నాను. మొదటి అంతస్తులో మోకాళ్లు మాట్లాడాయి. రెండో అంతస్తులో గోడ పట్టుకున్నాను. ఆ రెండు చోట్లా నిలబడి ఏం చెప్పాలో అనుకున్నాను. అప్పటికే మూడు రకాలుగా తయారైంది నాలో. ఒకదాంట్లో తప్పంతా ఆ మిషను ఆయనది. ఒకదాంట్లో ఆ మాట మరీ బలమైనది కావడం వల్ల సీలు తట్టుకోలేకపోయింది. మూడోది ఇంకా బాగుంది. మూడో అంతస్తులో కిటికీలోంచి చూస్తే బండి తమ్ముడు ఐదు గంటల కాగితాల సంచీ బండికి కడుతున్నాడు. కట్టి, ఎక్కకుండా, సీటు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. తయారుచేసుకున్న మూడూ అక్కడే వదిలేశాను.

డాక్టరుగారి గది గుమ్మం చేరేసరికి ఐదూ ఇరవై. మా మేనకోడలు అప్పటికే బల్ల ముందు నిలబడి ఉంది. ఆయన నుదురు రుద్దుకుంటున్నారు.

"ఆ మాట వల్లా? నిన్ననే ఒకావిడ ఫోన్ చేసి ఏడ్చిందమ్మా, మీ రిపోర్టు కింద ఎవరో మనిషి ఉన్నట్టుందని. దాన్ని తీసేయమంటావా? ఇంకేదైనా కారణం ఉందేమో చూడు."

"లేదండీ," అన్నాను నేను. గుమ్మం పట్టుకునే అన్నాను. "కారణం నేనే. దానికి తెలియకుండా పెట్టించింది నేను. దీన్ని పంపేస్తే తప్పు ఇక్కడే ఉండిపోతుంది, మనిషి పోతుంది. ముందు అది తీయించండి."

నేను ఇంత పొట్టిగా మాట్లాడడం ఆయన ఎప్పుడూ వినలేదు. అందుకే నమ్మారనుకుంటాను. ఫోన్ తీశారు.

మిషను ఆయన ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, తినడానికి వెళ్లానన్నాడు, వెళ్లి తీస్తానన్నాడు. ఐదూ నలభై రెండుకి తీసేశానని ఫోన్ చేశాడు. మా మేనకోడలు ఒక రిపోర్టు పంపింది. ఆసుపత్రి వాళ్ల కంప్యూటరు నుంచి ఏ ముక్కా రాలేదు. తిట్టూ లేదు, పొగడ్తా లేదు. ముగ్గురం ఆ తెర వైపు చూస్తూ ఉన్నాం. ఫ్యాను తిరుగుతోంది. మా మేనకోడలు చెయ్యి బల్ల మీద ఉంది, నేను దాని మీద నా చెయ్యి పెట్టాను. అది తీయలేదు, తిప్పి పట్టుకోనూ లేదు.

ఐదూ యాభై ఒకటికి ఫోన్ మోగింది. ఆసుపత్రిలో రికార్డులు చూసే ఆవిడ. గొంతులో ఆవిడకీ నాలుగు రోజుల నిద్ర బాకీ ఉంది.

"తెరుచుకుందండీ," అంది. "మిగతావి కూడా పంపేయండి. ఆ బండాయన్ని మాత్రం ఇక పంపకండి, పాపం."

డాక్టరుగారు ఫోన్ పెట్టి మా మేనకోడలి వైపు చూశారు. బయటి కంపెనీ మాట ఏమీ ఎత్తలేదు. "ఇంటికెళ్లి పడుకో. రేపు పదింటికి రా చాలు," అన్నారు. ఆయన పద్ధతిలో అది క్షమాపణ.

"ఆ మాట పోనక్కర్లేదు సార్," అంది అది, తలుపు దాకా వెళ్లి. "సీలు వేశాక చేరిస్తేనే తప్పు. ఉత్తరం రాసేటప్పుడే లోపల రాసి, దానితో కలిపి సీలు వేస్తే ఏమీ కాదు. రేపు నేనే పెడతాను." నా వైపు చూడకుండా అంది. కానీ అంది.

దిగడం ఎక్కడం కంటే కష్టం. ఇద్దరం ఒకే పక్క గోడ పట్టుకుని దిగాం. టీ కొట్టు దగ్గర వాళ్లు అలాగే ఉన్నారు. బండి తమ్ముడు సంచీ విప్పేసి బెంచీ మీద పెట్టాడు. వాడికి అప్పటికే ఫోన్ వచ్చినట్టుంది. సూది చెల్లి జరిగి చోటిచ్చింది. కూలబడ్డాను.

నిజానికి ఇంక మాట్లాడే ఓపిక లేదు. కానీ నలుగురూ నా వైపే చూస్తున్నారు. కొట్టతను స్టవ్వు తగ్గించి మరీ చూస్తున్నాడు. అలా చూస్తే మనిషి ఎలా ఊరుకుంటుంది?

"ఏం లేదు," అన్నాను. "చిన్న సాయం చేశానంతే. మెట్లున్నాయి చూశారా, నాలుగొందలు. ఒక్క ఉరుకులో ఎక్కాను. రెండో అంతస్తు దగ్గర నా వేగానికి గాలికి కిటికీలు..."

"ఎనభై నాలుగు పెద్దమ్మా," అన్నాడు బండి తమ్ముడు, ఏ కోపమూ లేకుండా, కళ్లు మళ్లీ మూసుకుంటూ. "సోమవారం నుంచి నలభై ఆరు సార్లు ఎక్కాను. ప్రతిసారీ ఎనభై నాలుగే ఉన్నాయి."

నేను దానికి జవాబు వెతుకుతున్నాను. దొరికేదే, ఇంకాస్త ఊపిరి అందితే. అంతలో నా ముందు ఒక గ్లాసు వచ్చింది. టీ కాదు. మా మేనకోడలు పట్టుకుని నిలబడి ఉంది, నాలుగు రోజుల్లో మొదటిసారి పళ్లు కనబడేలా నవ్వుతూ.

"కంగారు పడకండి," అంది. "ముందు మంచినీళ్లు తాగండి."